ఐసు కంటే ముందొచ్చిన చలి

ఆ గదిలోకి అడుగుపెట్టగానే ఖాదర్ మొహిద్దీన్ చేసిన మొదటి పని దొంగతనం.

బల్ల మీద సర్కిల్ ఇన్‌స్పెక్టర్ హజరత్తయ్య టోపీ, దాని పక్కన కానిస్టేబుల్ తెచ్చిపెట్టిన మజ్జిగ ప్యాకెట్టు ఉన్నాయి. హజరత్తయ్య అటు తిరిగి, కుర్చీలో కూర్చున్న అంబులెన్సు డ్రైవరు చెంప మీద రెండో దెబ్బ వేసే పనిలో ఉన్నాడు. ఆ దెబ్బ చప్పుడు ఆగేలోపు మజ్జిగ ఖాదర్ చొక్కాలోకి పోయింది. చొక్కాలోంచి మూలనున్న బకెట్టు దగ్గరికి పోయింది.

బకెట్టు ఖాదర్ వస్తూ వస్తూ తెచ్చుకున్నదే. సగానికి పైగా దంచిన ఐసు, దాని మీద రెండు దోసిళ్ల రాళ్లుప్పు. ప్యాకెట్టును మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, ఐసులో పూడ్చి, చెయ్యి లుంగీకి తుడుచుకుని గడియారం చూశాడు. పది గంటల ఐదు నిమిషాలు.

కిటికీ పక్కన నిలబడ్డ డాక్టర్ ప్రత్యూష ఇదంతా చూసి నోరు తెరవబోయింది. ఖాదర్ ఆమెకు కన్ను కొట్టి, పెదాల మీద వేలు పెట్టాడు.

"వచ్చినావా, ఫ్రిజ్జుల డిటెక్టివూ?" అన్నాడు హజరత్తయ్య వెనక్కి తిరక్కుండానే. "ఆలస్యం అయిపొయ్యింది. కేసు తేలిపొయ్యింది. ఈడు ఒప్పేసుకున్నాడు."

"అంత గట్టిగా కొడితే నేను కూడా ఒప్పుకుంటాను సార్. ఏం చేసినానో తర్వాత కనుక్కుంటాను."

ఖాదర్ ఏడో తరగతితో బడి మానేసి, ఇరవై ఏళ్లు నెల్లూరులో ఫ్రిజ్జులు బాగుచేసి, ఆ తర్వాత మనుషుల్ని విప్పి చూసే పనిలోకి దిగినవాడు. రెండూ ఒకటే పని అంటాడు. వేడి దొంగలాంటిది, ఎక్కడో ఒక సందులోంచే వస్తుంది, ఆ సందు పట్టుకుంటే చాలు.

ఈ ఉదయం మైపాడు రోడ్డులోని ఈ ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది ఇది. తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతను ప్రమాదంలో చనిపోతే, ఇంటివాళ్లు అవయవాలు దానమిచ్చారు. ఒక కిడ్నీ ఇక్కడికి రావాలి. ఆరు గంటలకు అక్కడ అంబులెన్సు ఎక్కించారు. ఎనిమిది గంటల రెండు నిమిషాలకు ఇక్కడ దింపారు. మూత తీసి చూస్తే రాయి. గడ్డకట్టిన కిడ్నీ బతికున్న మనిషికి పనికిరాదు. లోపలి కణాలన్నీ పగిలిపోతాయి.

పెట్టె డాక్టర్ ప్రత్యూషది. మామూలు ఐసు పెట్టెలో కిడ్నీ ఒక పక్క మరీ చల్లబడుతుంది, ఇంకో పక్క వెచ్చబడుతుంది. ఆమె రెండేళ్లు తన్నుకులాడి, సరిగ్గా నాలుగు డిగ్రీల దగ్గర నిలబెట్టే పెట్టె తయారు చేసింది. ఒక రోజు నిలిచే కిడ్నీ ఇందులో రోజున్నర నిలుస్తుంది. పెట్టెలో ఒక చిన్న రికార్డరు నిమిష నిమిషానికీ చలిని రాసిపెట్టుకుంటుంది. ఆ పెట్టె మూత రబ్బరు స్వయంగా కోసి అతికించింది ఖాదరే. అందుకే పొద్దున్నే ఆమె మొదటి ఫోను అతనికే చేసి, ఉప్పు ఐసు సంగతి చెప్పింది.

"పెంచలా," అన్నాడు ఖాదర్ డ్రైవరు ముందు గొంతుక్కూర్చుని. "మైపాడోడివేనా?"

"అవునన్నా."

"ముందు ఏం బండి తోలినావు?"

"రొయ్యల బండన్నా. తొమ్మిదేళ్లు. ఏడాది కిందే ఇక్కడ చేరినా."

"రొయ్యల బండికి జీతం జాస్తి గదా. ఇక్కడికెందుకొచ్చినావు, నర్సమ్మల కోసమా?"

పెంచల్ నవ్వలేదు. "మా చెల్లికి ఇక్కడే డయాలిసిస్ అన్నా. వారానికి మూడుసార్లు. పక్కనుండొచ్చని."

"సరే. పొద్దున ఏం జరిగింది? దెబ్బలు తగిలిన చోటు వదిలేసి చెప్పు."

"ఏడు దాటినాక పెట్టె కూత పెట్టిందన్నా. ఎనకాల పెట్టె పక్కన, డాక్టరమ్మ దగ్గర పనిచేసే వినీల మేడం కూర్చోనుండాది. తొమ్మిది డిగ్రీలు చూపిస్తా ఉంది, ఐసు కావాల, ఎక్కడన్నా ఆపు అనింది. మనుబోలు కాడ నాకు తెలిసిన ఐసు కొట్టుండాది. బండాపి పరిగెత్తినా. కొట్టు కాడ జనం. ఐసు దంచిచ్చేసరికి కొంచెం టైము పట్టింది. తెచ్చి కిడ్నీ ఉన్న జాడీ చుట్టూ పోసినా." అతను వేళ్లు చూసుకున్నాడు. "ఉప్పు కూడా ఏసినా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదన్నా. రొయ్యలకి అట్టనే ఏస్తాం. దూరం పొయ్యేటప్పుడు ఉప్పేస్తే ఐసు గట్టిగా పట్టుద్ది. చెయ్యి దానంతటదే పొయ్యింది."

"విన్నావా?" హజరత్తయ్య నవ్వాడు. "రొయ్యకీ మనిషికీ తేడా తెలీదంట. ఉప్పేస్తే ఐసు సున్నా కిందికి పోద్దని ఐస్‌క్రీం బండోడికి కూడా తెలుసు. తెలిసి తెలిసి ఊరగాయ పెట్టినాడు." చేతిలోని కాగితం బల్ల మీద పడేశాడు. "నిర్లక్ష్యం. ప్రాణహాని. సంతకం పెట్టరా."

"పెడతా సార్. ఆ కిడ్నీ ఎవరికో గాని, ఆళ్ల కాళ్లు పట్టుకుంటా సార్."

"ఎవరికో కాదురా." హజరత్తయ్య వంగి, పసిబిడ్డకు కథ చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "నీ చెల్లికే. వెన్నెలకి. రాత్రి పదింటికే పిలిపించినారు. మీ అమ్మే అందరి గడ్డాలు పట్టుకోనింది, వాడికి చెప్పబాకండి, తెలిస్తే స్టీరింగు మీద చెయ్యి వణుకుద్ది అని. వణక్కుండా బలే తెచ్చినావు పో."

పెంచల్ చేతులు ప్యాంటుకు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎండిన ఉప్పు ఇంకా వేళ్ల సందుల్లో తెల్లగా ఉంది. తుడిచాడు. చూసుకున్నాడు. మళ్లీ తుడిచాడు. ఏడవలేదు. అదే చూడలేకపోయింది ప్రత్యూష, కిటికీ వైపు తిరిగింది.

ఖాదర్ మాత్రం హజరత్తయ్యనే చూస్తున్నాడు. ఆయన ఎడమ మోచేతి మడతలో దూది, దాని మీద అడ్డంగా ప్లాస్టరు. చొక్కా జేబులోంచి చిన్న బిస్కెట్ ప్యాకెట్టు తొంగి చూస్తోంది.

"ఏంది సార్, సూది పొడిపించుకున్నారా?"

"షుగర్ టెస్టు."

"బాగుంది. షుగర్ టెస్టుకి వెళ్తే బిస్కెట్లు కూడా ఇస్తున్నారా ఈ ఆసుపత్రిలో? రేపు మా ఇంట్లో అందర్నీ తోలకొస్తా."

"నీ ఎగతాళి బయట పెట్టుకో. ఈడ్ని తీసకపోతన్నా. ఆ జాడీ కూడా ఇచ్చెయ్యండి. కాల్చెయ్యమని పెద్ద డాక్టరు గారు చెప్పినారు."

పెద్ద డాక్టరంటే ఆసుపత్రి యజమాని.

"నలభై నిమిషాలు ఇప్పించండి సార్," అన్నాడు ఖాదర్ చేతులు జోడించి. "ఆ పెట్టె మూత నా చేతి పని. పరువు సమస్య."

హజరత్తయ్య గడియారం చూసుకున్నాడు. "నలభై నిమిషాలేనా? కావాలంటే గంట తీసుకో." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఖాదర్‌కి అది నచ్చలేదు. కేసు తేలిపోయిందన్న పోలీసు గంట టైము ఊరికే ఇవ్వడు. పెద్దపులి పక్కకి జరిగి దారిచ్చినట్టుంది.

పెట్టె బల్ల మీదే ఉంది. మంచినీళ్ల కూలరంత ఉంటుంది. ఖాదర్ మూత తెరిచి, కళ్లు మూసుకుని, రబ్బరు చుట్టూ చూపుడు వేలు జరిపాడు. మూడు పక్కలు వేలు సాఫీగా జారింది. నాలుగో పక్క ఆగింది.

"డాక్టరమ్మా, ఇక్కడ చూడండి. జానెడు రబ్బరు లేదు."

"ఊడిపోయిందా?"

"ఊడితే జిగురు అంటుకోనుంటుంది. ఇది బ్లేడుతో కోసినారు, గీత గీసినట్టు. పెట్టె కూత పెట్టింది దీనివల్లే. కూత పెట్టాలనే కోసినారు. కూత పెడితేనే బండి ఆగుద్ది."

హజరత్తయ్య ఆవులించాడు. "డ్రైవరే కోసుంటాడు."

"ముందు సీటులో కూర్చుని బండి తోలతా, వెనకాలున్న పెట్టె రబ్బరు కోసినాడా? చేతులు బలే పొడుగు సార్ వీడికి." ఖాదర్ తల తిప్పాడు. "వెనకాల కూర్చున్న వినీల యాడ?"

"ఏడస్తా ఉంటే నేనే ఇంటికి పంపించినా."

"మంచి మనసు సార్ మీది. కిడ్నీ పక్కన మొదటినుంచీ కూర్చున్న ఒకే ఒక మనిషి గదా, అందుకని అడిగినా."

అతను పెట్టె పక్కనున్న స్టీలు ట్రే దగ్గరికి వెళ్లాడు. అందులో జాడీ, జాడీలో ఒకదాన్లో ఒకటి మూడు సంచులు, లోపల మందునీళ్లు, నడుమ అది. అంతా కలిసి ఒకే గడ్డ. ఖాదర్ రెండు వేళ్లతో నొక్కాడు. గోడను నొక్కినట్టుంది.

"బయటికి తీసి రెండు గంటలు దాటింది. ఇంకా కరగలేదేంది?"

ప్రత్యూష మొహంలో మొదటిసారి ఏడుపు స్థానంలో ఇంకేదో వచ్చింది. "నేను... అది ఆలోచించలేదు. గట్టిగా తగలగానే అంతా అయిపోయిందనుకున్నాను."

"అయిపోయిందని అనుకోవాలనే గదా గట్టిగా చేసింది. రికార్డరు లెక్క చూపించండి."

ఆమె లాప్‌టాప్ తిప్పింది. "పెట్టె ఆసుపత్రి వైఫై అందుకోగానే దారి పొడుగునా రాసుకున్నదంతా దీనికి పంపేస్తుంది. చూడండి. ఆరున్నర వరకు నాలుగు. తర్వాత మెల్లగా పెరిగింది. ఏడూ రెండుకి తొమ్మిది, అప్పుడే కూత."

"ఆ తర్వాత?"

"ఏడూ పది వరకు తొమ్మిది, పది. ఏడూ పదమూడుకి..." ఆమె ఆగిపోయింది. "ఒకటి."

"ఎంత?"

"ఒకటి. మూడు నిమిషాల్లో పది నుంచి ఒకటికి పడిపోయింది. ఏడూ ఇరవై రెండు నుంచి సున్నా కిందికి."

"పెంచలా, ఐసు కొట్టోడికి డబ్బులు ఎట్టా ఇచ్చినావు?"

పెంచల్‌కి ప్రశ్న అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "ఫోన్లోనే అన్నా."

"ఫోను ఇటియ్యి." ఖాదర్ తెర మీద వేలు జరిపి, అది అందరికీ వినబడేలా చదివాడు. "ఏడు గంటల పంతొమ్మిది నిమిషాలు. ఐసు అప్పుడు కొన్నాడు. పెట్టె ఏడూ పదమూడుకే చల్లబడింది. డాక్టరమ్మా, నేను ఏడో తరగతి. మీరు పెద్ద చదువు చదివినారు. ఐసు రాకముందే చలి ఎట్టా వచ్చింది?"

ఆమె తెర మీది అంకెలు మళ్లీ చూసింది.

"ముందే గడ్డకట్టిందాన్ని లోపల పెడితే వస్తుంది," అన్నాడు ఖాదర్. "మీ ఫ్రీజర్లో పరిశోధన కోసం పనికిరాని పాత కిడ్నీలు దాస్తారు గదా. ఎన్నుండాలి?"

"మూడు."

"వెళ్లి లెక్కపెట్టి రండి. పరిగెత్తండి."

ఆమె పరిగెత్తింది. హజరత్తయ్య కుర్చీలో సర్దుకున్నాడు. ఆవులింతలు ఆగిపోయాయి.

"కథలు చెప్పబాక ఖాదరూ. ఉప్పేసిన ఐసులో నలభై నిమిషాలుంది. ఏదైనా గడ్డకడద్ది."

"అది తేల్చడానికి మన దగ్గర సాక్షి ఉన్నాడు సార్. మీ మనిషే."

ఖాదర్ బకెట్టు దగ్గరికి పోయి, ఐసు తవ్వి, కవర్లు విప్పి, మజ్జిగ ప్యాకెట్టు తీసి సీఐ చేతిలో పెట్టాడు. గడియారం చూపించాడు. పదీ నలభై ఐదు.

"ఇది నాదే!"

"మీదే సార్. ఎత్తుకుపొయ్యింది నేనే. కావాలంటే ఇంకో కేసు రాసుకోండి. అదే ఉప్పు, అదే ఐసు, అవే మూడు సంచులు, అదే నలభై నిమిషాలు. పిసకండి."

హజరత్తయ్య వేళ్లు వాటంతటవే నొక్కాయి. ప్యాకెట్టు మెత్తగా లోపలికి పోయింది. అంచుల్లో మాత్రం పలుకులు పలుకులుగా కరకరలాడింది.

"పిడికెడు మజ్జిగే గడ్డకట్టలేదు. లీటరు జాడీ గోడలా ఎట్టా అయ్యింది?" ఖాదర్ పెంచల్ వైపు తిరిగాడు. ఆ గొంతులో ఆటపట్టింపు లేదు. "అబ్బాయ, నువ్వు ఉప్పేసేటప్పటికే నీ చెల్లి కిడ్నీ ఆ పెట్టెలో లేనే లేదు. నువ్వు ఐసు కోసం పరిగెత్తినప్పుడే వెనకాల కూర్చున్న వినీల మార్చేసింది. రొయ్యల బండి తోలిన మైపాడోడు ఐసు తెస్తే ఉప్పేసే తెస్తాడని తెలిసినోళ్లు, నీ అలవాటు మీద పందెం కాసినారు. నువ్వు ఉప్పు చల్లింది ఒక చచ్చిన కిడ్నీ మీద."

పెంచల్ చేతులు తుడుచుకోవడం ఆగింది. "అంటే... మంచిది ఉండాదా అన్నా?"

ప్రత్యూష గుమ్మంలో నిలబడి రొప్పుతోంది. "రెండే ఉన్నాయి."

"ఇంకో మాట డాక్టరమ్మా. కిడ్నీ ఎవరికి పోతుందో బయట ఎవరికన్నా చెబుతారా?"

"చెప్పకూడదు. తల్లికీ, మాకూ తప్ప తెలీదు. పోలీసులకి కూడా నేను చెప్పలేదు."

"సార్‌కి మాత్రం పేరుతో సహా తెలుసు. తల్లి గడ్డం పట్టుకున్న సంగతి కూడా తెలుసు." ఖాదర్ సీఐ వైపు చూడకుండానే అన్నాడు. "మీరు రెండు పెట్టెలు చేసినారు గదా. రెండోది?"

"పోయిన వారం వినీల రిపేరుకి పంపింది. మీ దగ్గరికే."

"నా దగ్గరికి పెట్టె కాదు గదా, మూత కూడా రాలేదు. దాని రికార్డరు తెరవండి."

"అది ఆఫ్‌లో ఉంటుంది..." అంటూనే ఆమె లోపలికొచ్చి లాప్‌టాప్ కీలు నొక్కింది. తెర మీద ఇంకో గీత వచ్చింది. పచ్చ రంగు. తిన్నగా, వణక్కుండా. నాలుగు. నాలుగు. నాలుగు.

"బతికే ఉంది," అంది ప్రత్యూష. "ఏడూ పదకొండు నుంచీ నాలుగు డిగ్రీల్లోనే ఉంది. ఖాదర్ గారూ, ఇది ఇంకా వెన్నెలకి పెట్టొచ్చు. పూర్తిగా బాగుంది!"

పెంచల్ కుర్చీలోంచి లేచాడు. "యాడుందమ్మా?"

"ఇందులో సిమ్ము ఉంటుందా?" అన్నాడు ఖాదర్.

"లేదు. ఆసుపత్రి వైఫై ఉంటేనే..." ఆమె మాట అక్కడే ఆగింది. మెల్లగా తలెత్తి పైకప్పు వైపు చూసింది.

పెట్టె ఈ బిల్డింగులోనే ఉంది.

"పైన మూడో అంతస్తు ఆపరేషన్ థియేటర్లో ఇప్పుడెవరు?"

"పెద్ద డాక్టరు గారు. తొమ్మిదిన్నరకి ఏదో అర్జెంటు కేసని..."

"రక్తం ఇచ్చినోళ్లకి బిస్కెట్లు ఇస్తారు," అన్నాడు ఖాదర్ సీఐ మోచెయ్యి చూస్తూ. "సొంత మనిషికి ఆపరేషనైతే పొద్దున్నే రక్తం ఇమ్మంటారు. ఎవరు సార్ పైన?"

గడియ పడ్డ చప్పుడైంది. హజరత్తయ్య ఎప్పుడు లేచాడో, తలుపు లోపలి గడియ వేసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. కుడిచేతిలో తుపాకీ ఉంది. ఎడమచేతిలో ఇంకా మజ్జిగ ప్యాకెట్టు ఉంది.

"భానుప్రియ," అన్నాడు. "నా కూతురు. పంతొమ్మిదేళ్లు. కిడ్నీ లిస్టులో రెండోది. నాలుగేళ్లుగా రెండోదే. మొదటిదానికి దొరికితే, రెండోదానికి ఇంకెప్పుడో. మొన్న ఊపిరాడక మంచం పట్టకొని, నాయనా, ఈసారి కూడా నేను రెండోదాన్నేనా అనింది. ఏం చెప్పేది?"

"దానికి వీడి చెంపలు పగలగొట్టాలా సార్?" అన్నాడు ఖాదర్. "చెల్లిని నువ్వే చంపుకున్నావని చెప్పాలా?"

"చెప్పాల. జీవితాంతం వాడు నమ్మాల. వాడు నమ్మితే ఇంకెవరూ వెతకరు."

తెర మీద పచ్చ గీత కదిలింది. నాలుగు. తొమ్మిది. పదహారు.

"మూత తెరిచారు," గుసగుసగా అంది ప్రత్యూష. "బయటికి తీశారు. ఇంకా కుట్టలేదు, ఇప్పుడే తీశారు. సార్, వెళ్లనివ్వండి. రక్తనాళాలు కలిపేశాక ఎవరూ ఏమీ చెయ్యలేరు. బతికున్న పిల్లలోంచి పీకి ఇంకో పిల్లకి నేను పెట్టలేను."

"అందుకే గదా అడిగిన దానికంటే ఎక్కువ టైము ఇచ్చినా," అన్నాడు హజరత్తయ్య. "ఎంతసేపు పట్టుద్ది కలపడానికి?"

ఆమె తలుపు వైపు చూసింది.

"అరగంటన్నారు పెద్ద డాక్టరు. కూర్చోండి అందరూ." ప్యాకెట్టు మూల పళ్లతో కొరికి, ఒక గుక్క తాగి, ఖాదర్ వైపు చాచాడు. "బాగా చల్లబెట్టినావు. తాగు."

ఖాదర్ చెయ్యి చాచలేదు. తుపాకీకీ తనకూ మధ్య ఎన్ని అడుగులో కొలుస్తున్నాడు. ఆరు. మధ్యలో బకెట్టు.

బయటినుంచి తలుపు మీద ఎవరో తట్టారు. గట్టిగా కాదు, ఆసుపత్రిలో భయపడుతూ తట్టినట్టు.

"పెంచలా, అయ్యా," తల్లి వెంకటశేషమ్మ గొంతు. "లోపలున్నావంటగా. నిన్నెవరూ ఏమనలేదు గదా? చెల్లి నిన్నే అడగతా ఉండాది. కిడ్నీ చెడిపొయ్యిందని ఇంకా దానికి చెప్పలేదయ్యా. కింద థియేటరు బల్ల మీద అట్టనే పడుకోనుండాది. నువ్వొచ్చి చెబితే తట్టుకుంటది."

హజరత్తయ్య తుపాకీ గొట్టాన్ని పెంచల్ గుండెకు గురిపెట్టి, గొంతు తగ్గించి అన్నాడు. "చెప్పరా. వస్తన్నానని చెప్పు. ఇంకో మాట మాట్లాడినావంటే మీ అమ్మ చూసేది నిన్ను కాదు."

తెర మీద ఇరవై రెండు. పెట్టె ఖాళీ అయింది.

పెంచల్ పైకప్పు వైపు చూశాడు. తర్వాత తన చేతులు చూసుకున్నాడు. వంగి, బకెట్టులోంచి గుప్పెడు ఉప్పు ఐసు తీసి పిడికిట్లో బిగించాడు.

"వస్తన్నామ్మా," అన్నాడు. హజరత్తయ్య కళ్లనే చూస్తూ తుపాకీ వైపు నడిచాడు.